జీపు కుంకుమ

జీపు ఎక్కడం మీకు సరదా. నాకు జీపు అన్న మాట చెవిన పడితే ముందు నడుము నొప్పి గుర్తొస్తుంది, ఆ తర్వాతే మనుషులు గుర్తొస్తారు. ఆసుపత్రిలో కొత్తగా ఆయాలుగా చేరిన పిల్లలు వచ్చి, "అవ్వా, నీ కాలంలో ఎట్లుండేదో చెప్పు" అని కూర్చున్నారు. నాకు సంతకం మటుకే వచ్చు. నేను చెబుతూ పోతాను, మనవరాలు రాస్తుంది. పొడుగైతే దాన్ని తిట్టండి.

నా పెనిమిటి నాపరాళ్ళ గనిలో బండ కింద పడి పోయాడు. అప్పటికి నాకు చంకలో ఆడపిల్ల. అత్తగారింట్లో నీళ్ళు మోయడానికి పనికొచ్చాను గాని అన్నానికి పనికిరాలేదు. శెనక్కాయలు పీకే కూలికి పోతూ ఉంటే, సూదులు వేయడానికి ఊరికొచ్చిన నర్సమ్మ నన్ను చూసింది. "చేతులు గట్టివి, నోరు తక్కువ, నాకు ఇట్లాంటిదే కావాల" అని తీసుకుపోయి, కోయిలకుంట్ల దాపున ఉన్న ఒక చిన్న ఆసుపత్రిలో జీపు ఆయాగా వేయించింది. చేతుల మాట నిజమే. నోటి మాట ఆమె తొందరపడి చెప్పింది.

జీపు ఆయా అంటే ఇప్పుడు లేని పని. పల్లెల్లో కాన్పు కష్టమైతే నర్సమ్మ, డ్రైవరు, నేను పోయేవాళ్ళం. నర్సమ్మ పెట్టె మోయడం, నీళ్ళు కాచడం, గర్భిణిని పట్టుకోవడం నా పని. తిరిగొచ్చాక జీపు కడిగి తుడవడం కూడా నా పనే. వెనక సీట్లో ఏమేమి కడగాల్సి వచ్చేదో మీకు చెప్పనక్కర లేదు.

ఆ జీపు యుద్ధంలో తిరిగి తిరిగి అలిసిపోయి మా దగ్గరకు వచ్చింది. పైన గుడ్డ కప్పు, పక్కన రేకులు లేవు. అయినా ఆ నేల మీద అదే దిక్కు. మా వైపు నల్లరేగడి. ఎండినప్పుడు నెర్రెల్లో పిల్లోడి కాలు ఇరుక్కుంటుంది. వాన పడిందా, చెప్పును లాక్కుంటుంది, ఎద్దుల బండిని ఇరుసు దాకా మింగుతుంది. అట్లాంటి చేలల్లో నాలుగు చక్రాలూ తిరిగే బండి ఒక్కటే కదిలేది. కాకపోతే అది కదలాలంటే ముందు లేవాలి. లేవడమే దాని చేత కాదు.

పాత బాటరీ ఆరు వోల్టులది. చల్లటి పొద్దున మూలిగేది, అంతే. డ్రైవరు ముందరికి పోయి హ్యాండిలు తిప్పేవాడు. ఒకసారి ఆ హ్యాండిలు ఎదురు తిరిగి ఆయన మణికట్టు వాచిపోయింది. అప్పటినుంచి తోయడమే. నర్సమ్మ ఒక పక్క, నేనొక పక్క. ఆమె "ప్రభువా" అని తోసేది, నేను నా నోటికొచ్చింది అని తోసేదాన్ని. ఇంజను లేచేసరికి ఇద్దరం మోకాళ్ళ దాకా మట్టి. కాన్పు అప్పటికింకా మొదలు కాలేదు, మా ఒళ్ళు మాత్రం అయిపోయేది.

డాక్టరయ్య కొత్త జీపు కోసం అడుగుతూనే ఉన్నాడు. కర్నూలు రాజధాని అయిన రోజులు. గుడారాల్లో సర్కారు కచేరీలు పెట్టుకుని దొరలంతా అక్కడే ఉన్నారు. వచ్చిన కొత్త బండ్లన్నీ ఆ గుడారాల ముందే ఆగిపోయాయి. మాకు బండి రాలేదు. దాని బదులు ఇంజన్లో నిప్పు పుట్టించే కొత్త సామాను మంజూరు చేశారు. పన్నెండు వోల్టుల బాటరీ, కాయిలు, డిస్ట్రిబ్యూటరు, కొత్త తీగలు.

నంద్యాల నుంచి ఒక సాయిబు మేస్త్రీ వచ్చి బిగించాడు. ముసలాయన, గడ్డం నిండా గ్రీజు. పాత సామాను కిరసనాయిలుతో కడిగిపెట్టడానికి నన్ను కూర్చోబెట్టుకుని, చేస్తున్న పని చెబుతూ చేసేవాడు. ఎవరూ వినకపోతే ఆయన చెయ్యి కదలదు.

"సూడు బేటీ, ఇంజన్లో నాలుగు పొయ్యిలుండాయి. ఒగోదానికీ దాని వంతులో నిప్పు పడాల. ఈ డిస్ట్రిబ్యూటరు ఉండాదే, ఇది వడ్డించేది. నాలుగు విస్తర్లు పరిచినామనుకో, వరస తప్పకుండా వడ్డిస్తాది. వరస తప్పితే లేసి తగువాడతారు."

"పాతదీ వడ్డించేదే కదా తాతా?"

"వడ్డించేది. గరిటెలో ఏమీ లేకుండె. ఈ కొత్త నిప్పు బలమైంది. బలమైంది గాబట్టే దొంగది. చుక్క తడి గానీ, గోరంత మురికి గానీ దొరికితే సాలు, విస్తట్లో పడకుండా పక్కకు పారిపోతాది. ఈ మూత లోపల బిల్కుల్ పొడిగా ఉండాల." ఆ మాట నాకు చెప్పి, మళ్ళీ డ్రైవరును పిలిచి చెప్పాడు. డ్రైవరు తల ఊపాడు.

మా డ్రైవరు మంచివాడు. అది ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పబోయేది విన్నాక మీకు అట్లా అనిపించదు. నాకంటే చిన్న, నన్ను అక్కా అనేవాడు. పెళ్ళయి ఏడాది. పెళ్ళాం లేడిపిల్ల లాంటి మనిషి, అన్నింటికీ బెదురు. మొగుడు వాగులు దాటి చీకట్లో పోతాడని ఆమెకు నిద్ర ఉండదు.

కొత్త సామాను బిగించిన వారానికే దసరా. ఆయుధ పూజ రోజు జీపుకు మామిడాకులు కట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పూజ చేసే చేయి డ్రైవరు పెళ్ళాంది. నన్ను, "నువ్వు ఆ పక్కకు పోక్కా" అని వంటమనిషి వార్డు వెనక్కు పంపింది. ముండమోసినదాన్ని కదా, పూజ వేళ ఎదురు రాకూడదు. పొద్దుననే ఆ జీపును మూల మూలా కడిగింది నేనే. నాకది కొత్త కాదు, పోయి నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చున్నాను. కూర్చున్నా అన్నీ కనపడుతూనే ఉన్నాయి.

ఆ పిల్ల చక్రాలకు, బానెట్టుకు, స్టీరింగుకు బొట్లు పెట్టింది. తర్వాత మొగుణ్ణి అడిగింది, "నిప్పు యాడ పుడతాది?"

"నిప్పుతో నీకేం పని?"

"పొయ్యికి బొట్టు పెట్టకుండా నిప్పు రాజేస్తామా యాడన్నా? సూపీ."

ఆయన నవ్వి, బానెట్టు ఎత్తి, డిస్ట్రిబ్యూటరు మూత తీసి చూపించాడు. కొత్త పెళ్ళాం అడిగితే మేస్త్రీ మాట ఎవరికి గుర్తుంటుంది? ఆమె తడి పసుపు అద్ది, దాని మీద కుంకుమ పెట్టింది. మూత లోపల నాలుగు తీగలకూ నాలుగు, నడిమికి ఒకటి. కొబ్బరికాయ కూడా ఇంజను మీదే కొట్టారు. మూత పెట్టేశారు. అందరూ దండం పెట్టారు.

అయ్యాక నేను గుడ్డ తీసుకుని వచ్చాను. కొబ్బరినీళ్ళు కారిన చోటంతా తుడిచాను. మూత మీద చెయ్యి వేయబోతే డ్రైవరు అడ్డం వచ్చాడు. "అది వద్దులే అక్కా. నేను సూసుకుంటా."

బొట్టు తుడవడమంటే మనలో ఏమిటో మీకు తెలుసు. బండికి పెట్టిన కుంకుమను ఏ డ్రైవరూ తన చేత్తో తుడవడు. ఎండకు, దుమ్ముకు దానంతట అది పోవాలి. పెళ్ళాం తన ఆయుష్షు కోరి పెట్టిన కుంకుమైతే చెప్పాల్సిన పనే లేదు. చక్రం మీద బొట్టు ఎండకు పోయింది. మూత లోపలికి ఎండ పోదు.

కొన్నాళ్ళు ఆ జీపు రాజు. మీట నొక్కితే చాలు, లేచి నిలబడేది. నర్సమ్మ నాతో, "ఏమే, ఇంగ మన చేతులు మెత్తబడతాయి" అనింది. తర్వాత మంచు పడే పొద్దులు వచ్చాయి. దగ్గడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం బాగుండేది, పొద్దున దగ్గేది. కాన్పులకు పిలుపు పొద్దుపొద్దున్నే కదా వచ్చేది. అంటే నేను ఎక్కినప్పుడే ఆగేది. డాక్టరయ్యను ఎండలో తిప్పేటప్పుడు దానికి ఏ రోగమూ ఉండదు.

ఇంక మాటలకేం కొదవ? వంటమనిషి మొదలుపెట్టింది. "కొత్త నిప్పుకు ఏమైతాది? ముండమోపి మొదట కాలు పెడితే బండి లేస్తాదా?" కంపౌండరు అన్నాడు, తోటమాలి అన్నాడు. డ్రైవరు అనలేదు. కాదని కూడా అనలేదు. బానెట్టు ఎత్తి తీగలు పైపైన తుడిచి మూసేసేవాడు.

డాక్టరయ్య ఒకరోజు నన్ను పిలిచాడు. ఆయనకు ఈ పట్టింపులు లేవు. కానీ ఆయనకు డ్రైవరు కావాలి, వంటమనిషి కావాలి. "వార్డులో ఖాళీ లేదమ్మా. ఇంకొక్కసారి నువ్వున్నప్పుడు బండి నడిమధ్యలో ఆగిందంటే వీళ్ళ నోళ్ళు నేను మూయించలేను" అన్నాడు. చెడ్డగా చెప్పలేదు. నేను ఇంటికి పోయి కూతురికి జొన్నరొట్టె పెట్టి, మళ్ళీ శెనక్కాయల కూలికి పోతే దీన్ని ఎవరి దగ్గర వదలాలా అని ఆలోచించుకున్నాను. ఎవరూ తేలలేదు.

కార్తీకంలో ముసురు పట్టింది. ఒకరోజు పొద్దెక్కాక కుందూ ఏటి అవతలి పల్లె నుంచి ఒకాయన తడిసి ముద్దై వచ్చాడు. కోడలికి నొప్పులు ఆగి ఆగి వస్తున్నాయి, బిడ్డ చెయ్యి ముందు బయటికి వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగిందన్నమాట. అది మంత్రసాని పని కాదు, నర్సమ్మ పని కూడా కాదు, తల్లిని ఆసుపత్రికి తెచ్చి డాక్టరయ్య ముందు పడేయాల్సిందే.

డ్రైవరు నా వైపు చూడకుండా అన్నాడు, "అక్కా, ఈ పొద్దు నువ్వు రావద్దు."

నర్సమ్మ పెట్టె సర్దుతున్నది సర్దుతున్నట్టే ఉండి, "అయితే నేనూ రాను. దేవుడు నాకు రెండే చేతులిచ్చినాడు. నువ్వొచ్చి పట్టుకుంటావా నాయనా గర్భిణిని?" అనింది.

ముగ్గురమూ పోయాం.

పోయేటప్పుడు ముసురు సన్నం. జీపు రెండు మూడుసార్లు దగ్గింది గాని పోయింది. పల్లెలో ఆ పిల్లను వెనక సీటు మీద పడుకోబెట్టాం. తల నా ఒడిలో, కాళ్ళ వైపు నర్సమ్మ. బయటికొచ్చిన చెయ్యి నలగకుండా, బిడ్డ ఇంకా కిందికి జారకుండా నర్సమ్మ పట్టుకుని కూర్చుంది. ఆమె చేతులు తీసిందంటే అంతే. ఆ పిల్ల అత్త ముందు సీట్లో కూర్చుని ఎవరెవరికో మొక్కుకుంటోంది. తిరుగుదారిలో వాన పెరిగింది.

కుందూలో కలిసే వాగు ఒకటుంది. ఎండాకాలం ఇసుక. ఆ రోజు చక్రాల నడుముకు వచ్చింది. జీపు దిగింది, సగం దాటింది. దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఆగిపోయింది.

ఇంజను చప్పుడు పోయాక నీళ్ళ చప్పుడు వినపడింది. డ్రైవరు మీట నొక్కాడు. ఇంజను తిరుగుతోంది, అంటుకోవడం లేదు. ముందు సీట్లో అత్త వెనక్కి తిరిగి నా నుదురు చూసింది. బోసి నుదురు. మొక్కడం ఇంకా గట్టిగా మొదలుపెట్టింది. నాకు మాత్రం డాక్టరయ్య మాట చెవిలో పలికింది.

డ్రైవరు నీళ్ళలోకి దిగి బానెట్టు ఎత్తాడు. నర్సమ్మ, "పోవే, గోనెపట్ట పట్టుకో ఆయప్పకు. ఈ పిల్ల తల కింద దుప్పటి మడిచి పెట్టి పో" అని నన్ను దింపింది. మోకాళ్ళ పైకి నీళ్ళు. బానెట్టు మీద గోనెపట్ట పరిచి పట్టుకున్నాను. ఆయన డిస్ట్రిబ్యూటరు మూత ఊడదీసి, చేతిలో పెట్టుకుని, చూస్తూ నిలబడిపోయాడు.

నేనూ చూశాను. పసుపు, కుంకుమ తేమకు ముద్దైపోయి ఉన్నాయి. ఒక బొట్టు నుంచి ఇంకో బొట్టుకు వెంట్రుక మందాన నల్ల గీత. నిప్పు పారిపోయిన దారి.

"నాకు మొదట్నుంచీ అనుమానమే అక్కా" అన్నాడు.

"ఏమి అనుమానం?"

"ఈ కుంకుమే అని."

నెల రోజులుగా నా కాలి మీద పెట్టిన మాట. ఈ మనిషికి మొదటి నుంచీ తెలుసు. నాకు కోపం రావాలి. రాలేదు. ఆ రోజు నాకు కోపానికి కూడా ఓపిక లేదు.

"అయితే తుడువప్పా."

"నా చేత్తో ఎట్ల తుడిసేదక్కా? నా ఆయుస్సుకని పెట్టింది అది. ఒట్టు బెట్టించుకుంది, తియ్యనని."

వెనక నుంచి నర్సమ్మ అరిచింది. "ఏమప్పా చేస్తాండావు? ఈడ పిల్ల పోతాంది!"

"కుంకుమ ఉండాది నర్సమ్మా, తుడవాల!"

"తెచ్చి నాకియ్యి, నేను తుడుస్తా! నాకా పట్టింపుల్లేవు!" అని, మళ్ళీ తనే, "చేతులు యాడియ్యి నాకు? ప్రభువా, ఎవురో ఒగరు తుడువండి!" అనింది.

ఇంకెవరున్నారు? అత్త ముత్తైదువ, ముట్టుకోదు. నేను చెయ్యి చాపాను. ఆయన మూతను గుండెకు దగ్గరగా లాక్కున్నాడు. ఆయన తప్పు లేదు. కుంకుమ తుడవడమే అశుభం, అందులో నా చేత్తో. ఆ తర్వాత ఆయనకు జ్వరం వచ్చినా, జీపు బోల్తా పడినా, ఆయన పెళ్ళాం బొట్టు తుడిచింది నేనే అవుతాను. బతికినన్నాళ్ళూ ఊరు అదే చెబుతుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

"ఇటియ్యి" అన్నాను. "నా బొట్టు తుడిసినోళ్ళు నన్ను అడిగి తుడిసినారా? నాకింగ పోయేదేమీ లేదు. ఏమన్నా అయితే నామీదెయ్యి. ఎట్లాగూ అలవాటే కదా మీకు."

ఆ చివరి మాటకు ఆయన తల వంచుకుని మూత ఇచ్చాడు.

కొంగు బొడ్లో దోపుకుని ఉన్నాను, లోపలి మడత ఒక్కటే పొడిగా ఉంది. నర్సమ్మ చెబితే అత్త పెట్టె తెరిచి స్పిరిటు సీసా అందించింది. కొంగు తడిపి లోపల తుడిచాను. ఒక్కొక్క బొట్టూ. ఆ నల్ల గీతను ఆయన చాకు మొనతో గీకాడు. ఇద్దరం తలలు ఆనించి, పొయ్యి ఊదినట్టు లోపలికి ఊదాం, స్పిరిటు ఆరేదాకా. మూత పెట్టి ఆయన మీట నొక్కాడు.

లేచింది.

నేను వెనక్కి ఎక్కి ఆ పిల్ల తల మళ్ళీ ఒడిలోకి తీసుకున్నాను. జీపు ఒడ్డెక్కుతూ ఉంటే నర్సమ్మ కళ్ళు నా కొంగు మీద పడ్డాయి. తెల్ల చీర, కొంగంతా ఎరుపు.

"అయ్యో, రక్తమెప్పుడు మొదలైందే? చెప్పవేమే!"

"రక్తం కాదు నర్సమ్మా. కుంకుమ."

"నీకాడికి కుంకుమ యాడ నుంచి వచ్చె?"

"జీపుది."

ఆమె నా ముఖం చూసి నవ్వింది. నొప్పులు పడుతున్న ఆ పిల్ల కూడా, ఏమర్థమైందో ఏమో, పెదవి కదిపింది. ఆ దారంతటిలో అంత మేరకే సుఖం.

తల్లి బతికింది. బిడ్డ బతకలేదు. ఇంకొంచెం ముందొచ్చి ఉంటే అని డాక్టరయ్య అన్నాడో, నేనే అనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. మీరు కూడా ఈ పనిలో ఉంటే అట్లాంటి ఇంకొంచెములు చాలా పోగవుతాయి. వాటిని మోసుకుంటూ మర్నాడు మళ్ళీ జీపు తుడవాలి.

సాయంత్రం డాక్టరయ్య చేతులు కడుక్కుని వరండాలోకి వచ్చాడు. అత్త అప్పటికే ఎవరితోనో చెప్పినట్టుంది. "బండి వాగులో ఆగిందట కదా?" అని అడిగాడు. వంటమనిషి తలుపు దగ్గర నిలబడింది. నేను చాప మడుస్తూ ఆగిపోయాను.

డ్రైవరు అన్నాడు, "ఆగలేదు సార్. అద్దం మీద బురద కొట్టింది, తుడిసేదానికి నేనే ఆపినా."

డాక్టరయ్య నర్సమ్మ వైపు చూశాడు. ఆమె ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషి, అబద్ధం ఆడదు. చేతులు అప్పటికే రెండుసార్లు కడుక్కుంది. మళ్ళీ కడుక్కోవడానికి లోపలికి పోయింది.

అంతే. నా పని నిలబడింది. నన్ను అన్న మాటలు వెనక్కి తీసుకున్నవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. జీపు మంచు పొద్దుల్లో కూడా లేస్తోంది కాబట్టి మాట్లాడడం మానేశారు.

ఏడాది తిరిగింది. మళ్ళీ దసరా, మళ్ళీ మామిడాకులు. నన్ను ఎవరూ పొమ్మనకముందే పోయి నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చున్నాను. డ్రైవరు పెళ్ళానికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఆయాసపడుతూ బొట్లు పెట్టింది. మూత తీయమని అడిగింది, ఆయన తీశాడు. నాకు నీరసం వచ్చింది. ఏమీ మారలేదు, మళ్ళీ మంచు పడుతుంది, మళ్ళీ దగ్గుతుంది అనుకున్నాను.

కొబ్బరికాయ కొట్టారు. జనం ప్రసాదానికి పోయారు. డ్రైవరు తువ్వాలు కింద ఏదో దాచుకుని వార్డు వెనక్కి వచ్చాడు. తువ్వాలు తీస్తే డిస్ట్రిబ్యూటరు మూత, స్పిరిటు సీసా, ఉతికిన గుడ్డ.

"ఇంగ నీ పూజక్కా" అన్నాడు.

గుడ్డ తీసుకోబోతూ తల ఎత్తితే ఆయన వెనక పెళ్ళాం నిలబడి ఉంది, నడుము మీద చెయ్యి పెట్టుకుని. నా చెయ్యి ఆగిపోయింది. ఆయన వెనక్కి తిరిగి చూసి తెల్లబోయాడు.

ఆమె ఇద్దరినీ చూసింది. చూసి, "కానీయక్కా" అనింది. "వాగు సంగతి నాకూ తెలుసులే. మూలల్లో కూడా తుడువు. ఆయప్ప వాగులో నిలబడిపోతే, నేను పెట్టిన బొట్టు నన్నేం కాపాడతాది?"

తుడిచాను. మూలల్లో కూడా. ఆమె నా పక్కనే నేల మీద కూర్చుని, సీసా పట్టుకుని చూసింది.

ఆ తర్వాత ఆ జీపు ఉన్నన్ని దసరాలూ ఆమె పెట్టింది, నేను తుడిచాను. జీపు ముందుకు రమ్మని మాత్రం నన్ను ఎవరూ పిలవలేదు. నేనూ పోలేదు. డ్రమ్ము పక్కన నీడ బాగుండేది.